మూడో ఆజ్ఞ

గోల్ఫ్ మైదానంలో ఆటగాడి బ్యాగు మోసే కేడీకి తరతరాలుగా చెబుతూ వచ్చిన ఆజ్ఞలు మూడు: వేళకు రా, ఆటగాడి వెంట నడు, నోరు మూసుకో. మొదటి రెండింటితో ఎవరికీ పేచీ లేదు. కొరుకుడుపడనిది మూడోది. సభ్యుడి మాటకు ఎదురాడకపోవడమే సిబ్బంది మర్యాద అని క్లబ్బుల నమ్మకం. ఆట నియమావళి తీరు వేరు. వ్యక్తిగత పోటీలో ఆటగాడు సలహా అడగదగిన మనిషి కేడీ ఒక్కడే. కేడీ నియమం తప్పినా శిక్ష ఆటగాడికే. అంటే నోరు విప్పవలసినవాడినే నోరు మూసుకోమంటున్నారు.

పచ్చిక ఎటు వాలిందో, గాలి బంతిని ఎటు తోస్తుందో బాగా తెలిసేది ఆ నేల మీద రోజూ నడిచేవాడికే. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బులో కేడీగా మొదలైన అలీ షేర్ 1991లోనూ, 1993లోనూ ఇండియన్ ఓపెన్ గెలిచాడు. కానీ ఆట ముగిశాక టిప్పు ఇచ్చేది సభ్యుడు. ఏడో నంబరు ఐరన్ కర్ర చాలదు, ఇంకా దూరం కొట్టే ఆరు తీసుకోండి అంటే ఆయన బలాన్ని శంకించినట్టు. అనకపోతే బంతి నీళ్లలో పడుతుంది. అప్పటి మౌనం మర్యాదా, భయమా? పైకి రెండూ ఒకలాగే ఉంటాయి.

అలాగని నిజం చెప్పడమే సేవ అని తేల్చడానికీ లేదు. సలహా బెడిసికొడితే స్ట్రోకులు పెరిగేది ఆటగాడి కార్డు మీద. నష్టం మోయనివాడి నిర్మొహమాటానికి విలువెంత?

ఈ లెక్క ఒకసారి తలకిందులైంది. 2001లో రాయల్ లితమ్‌లో బ్రిటిష్ ఓపెన్ చివరి రోజు. గెలిచే స్థితిలో ఉన్న ఇయాన్ వూస్‌నమ్ మొదటి హోల్‌ను రెండు స్ట్రోకుల్లో ముగించాడు. రెండో హోల్ మొదలుపెట్టే టీ దగ్గర కేడీ అసలు సంగతి చెప్పాడు: బ్యాగులో 15 క్లబ్బులు, అంటే బంతి కొట్టే కర్రలు, ఉన్నాయి. ఉండదగినవి 14. శిక్ష పడి రెండు నాలుగైంది. వూస్‌నమ్ చివరికి మరికొందరితో కలిసి మూడో స్థానంలో నిలిచాడు. క్లబ్బుల లెక్క చూసుకోవలసింది కేడీయే, తప్పు బయటపెట్టిందీ కేడీయే. ఆ నోటిమాటకు తన ఉద్యోగమే పోవచ్చు. పోలేదు. కొద్ది వారాలకు వేళకు రానందుకు మాత్రం పోయింది.

దీన్నిబట్టి నిజం చెప్పినవాడికి క్షమ దొరుకుతుందని సూత్రం కట్టలేం. ఆ రోజు యజమాని వినగలిగాడు, అంతే. వేళకు రావడం, వెంట నడవడం కేడీ ఒక్కడి చేతిలో ఉన్న పనులు. వాటిని ఆజ్ఞాపించవచ్చు, తప్పితే తీసేయవచ్చు. మాట్లాడటం, మానడం అలా కాదు. వినేవాడు ఎలాంటివాడో చూసుకుని కేడీ నోరు తెరుస్తాడు. కాబట్టి మూడో ఆజ్ఞను సిబ్బంది నడవడిలో చేర్చడమే పొరపాటు. కేడీ మౌనంగా ఉంటే ముందు పరీక్షించవలసింది సభ్యుడి నడవడిని.