గెలుపు ఎవరిది?

1990లో డాస్ కంప్యూటర్లకు వచ్చిన ఆట ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’. ఆటగాడు 60 నిమిషాలలో 12 అంచెలు దాటి రాకుమారిని విడిపించాలి. గోతిలో పడి చనిపోతే ఆ అంచె మళ్ళీ మొదలు. పోయిన సమయం తిరిగి రాదు.

కొందరు ఈ ఆటను మరో పద్ధతిలో పూర్తి చేస్తారు. డాస్ యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాములో ఆటను అతి మెల్లగా, ఒక్కొక్క కదలికగా నడుపుతారు. ఏ మీట ఎప్పుడు నొక్కాలో ఆలోచించి నిర్ణయిస్తారు. పొరపాటైతే ముందు భద్రపరచిన చోటికి వెళ్ళి దిద్దుతారు. అదంతా మామూలు వేగంతో చూపితే తడబాటు లేని పరుగు కనిపిస్తుంది. దీనినే ‘టూల్ అసిస్టెడ్ స్పీడ్‌రన్’ అంటారు.

ఇది మోసమా? ఎలా చేశారో చెప్పి చూపితే కాదు. దాని వెనుక ఎంతో ఓర్పు, పరిశీలన ఉన్నాయి, వాటిని మెచ్చుకోవలసిందే. కానీ చేతులతో ఆడానని చెప్పుకుంటే? నిజంగా చేతులతో ఆడి, పడి లేచి గెలిచినవాని పరుగు దాని పక్కన చిన్నబోతుంది. అతనికి రావలసిన గౌరవం మరొకరు దోచుకున్నట్లే.

బడిలో చూపవలసిన నమూనాను నాన్న చేసి కుమారుని పేరు రాసినప్పుడు, స్వయంగా చేసుకొచ్చిన పక్క పిల్లవానికి జరిగేదీ ఇదే. తల్లిదండ్రులారా, సాయం చేయండి. అయితే ఎవరు చేసినది ఎంతో చెప్పడం కూడా పిల్లలకు నేర్పండి.