తుడిచివేసిన సాక్ష్యము

ధ్యాన భాగము: నిర్గమకాండము 21వ అధ్యాయము 28, 29 వచనములు



మోషే ధర్మశాస్త్రములో పొడుచు ఎద్దును గూర్చిన విధి యొకటి కలదు. పశువుల నడుమ పుట్టి పెరిగిన మనకు అది సులభముగా బోధపడును. ఒకని ఎద్దు ఎన్నడును ఎవరి జోలికి పోనిదై, ఒకనాడు ఆకస్మికముగా మనిషిని పొడిచి చంపినచో, చావవలసినది ఎద్దే. యజమానునిపై నేరము లేదు. కాని ఆ ఎద్దుకు ముందునుండియే పొడుచు గుణమున్నదనియు, ఊరివారు వచ్చి యజమానునితో ఆ సంగతి చెప్పిరనియు, అయినను వాడు పలుపు బిగింపలేదనియు తేలినచో, ఎద్దుతోపాటు యజమానుడును మరణశిక్షకు పాత్రుడగుచున్నాడు. రెండు చోట్లను ఎద్దు ఒకటే, కొమ్ములు ఒకటే. చచ్చినవాడును ఒకే విధముగా చచ్చెను. మరి భేదమెక్కడ నున్నది? యజమానుని చెవిని పడిన ఒక్క మాటలో నున్నది.

అట్టి మాట చెవిని పడుటకు ఈ కాలమున ఒక క్రొత్త త్రోవ ఏర్పడినది. ఇంటిలోని కంప్యూటరును కారుకు కలిపి, కారు తన రోగమును తానే చెప్పుకొనగా వినుటయే ఆ త్రోవ. మార్కాపురము, గిద్దలూరు, కంభము ప్రాంతములలో కార్లు అద్దెకు త్రిప్పువారును, పాత కార్లు కొని అమ్మువారును, షెడ్డులలో పనిచేయు యౌవనస్థులును మన సంఘములలో ఉన్నారు. కావున ఇది పట్నపువారి సంగతి యని త్రోసివేయక, కొంచెము ఓపికతో వినుడి.

ఇప్పటి కార్లలో ఇంజిన్ పనిని కనిపెట్టుచుండు చిన్న కంప్యూటరు యొకటి లోపలనే యుండును. ఏదేని భాగము సరిగా పనిచేయనియెడల అది ఒక గుర్తును వ్రాసికొని, డ్రైవరు ఎదుట ఇంజిన్ బొమ్మగల పసుపుపచ్చని దీపమును వెలిగించును. ఈ ఏర్పాటునకు ఓ.బి.డి. అని పేరు. అమెరికాలో దీని రెండవ రూపము 1996 నుండి క్రొత్త కార్లన్నిటికి విధింపబడెను. మన దేశములో భారత్ స్టేజ్ 4 కార్లకు మొదటి రూపము 2010 ఏప్రిల్ నుండియు, రెండవ రూపము 2013 ఏప్రిల్ నుండియు విధింపబడెను. 2020 ఏప్రిల్ 1 నుండి స్టేజ్ 6 నియమములు దేశమంతటను వచ్చినవి.

స్టీరింగు క్రింద, మోకాళ్లకు దగ్గరగా, 16 రంధ్రములుగల సాకెట్టు యొకటి యుండును. దానిలో ఒక చిన్న యంత్రమును గ్రుచ్చి, దాని తీగెను కంప్యూటరుకు కలుపవలెను. కంప్యూటరు ఆ తీగెకు ఒక పోర్టు సంఖ్యను ఇచ్చును. ఆ సంఖ్యనే సాఫ్టువేరులో ఎన్నుకొనవలెను. మావాళ్లు చాలమంది "పని చేయుట లేదు" అని తీగెను పారవేయునది ఇక్కడనే. పిమ్మట ఇంజిన్ స్టార్టు చేయకుండ తాళము మాత్రము త్రిప్పి చదువుమన్నచో, పీ0301 అనియో పీ0171 అనియో అయిదు అక్షరముల గుర్తులు తెరపై కనబడును. మొదటిది ఒకటవ సిలిండరు సరిగా మండుట లేదని చెప్పును. రెండవది పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైనదని చెప్పును. పని ముగిసిన తరువాత యంత్రమును సాకెట్టులోనే మరచి రోజుల తరబడి ఉంచినచో బ్యాటరీ దిగిపోవచ్చును. అది వేరు సంగతి.

ఈ సాఫ్టువేరును ఎట్లు సంపాదించితిరి అను ప్రశ్నయు కలదు గాని దానిపై నేను ఎక్కువ చెప్పను. వెల యిచ్చి కొనవలసినదానిని తాళము పగులగొట్టి వాడుకొనుట దొంగతనమే; ఎనిమిదవ ఆజ్ఞ చాలును. పైఓబీడీ వంటివి ఉచితముగా ఇయ్యబడియుండగా ఆ పాపము అవసరమును కాదు. అయితే యంత్రమును గూర్చి ఒక సంగతి వినదగియున్నది. కెనడా దేశపు ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ అను సంస్థ ఈ.ఎల్.ఎమ్.327 అను చిప్పును తయారు చేసెను. మొదటి చిప్పులోని ప్రోగ్రామునకు కాపీ చేయకుండ తాళము వేయనందున, ఇతరులు దానిని కాపీ తీసి లక్షలుగా అమ్మిరి. అట్టి వానిలో అనేకములు లోపల మొదటి ప్రోగ్రామునే ఉంచుకొని, "నేను 1.5వ సంచికను" అని చెప్పుకొనును. కారు నిజము చెప్పుచున్నదా లేదా అని పరీక్షింపబోవు పరికరమే తన పేరు విషయమై అబద్ధమాడుచున్నది! పరీక్షించువాడు మొదట తన్ను తాను పరీక్షించుకొనవలెనని మనము ప్రభువు బల్లయొద్ద వినుమాట ఇక్కడ కూడ చెల్లును.

ఇక అసలు ప్రశ్నకు వచ్చెదను. ఆ సాఫ్టువేరులో గుర్తులను చదువు మీట యున్నట్లే, వాటిని తుడుచు మీటయు నుండును. మన మార్కాపురపు పలకపై వ్రాసినదానిని తడిగుడ్డతో తుడిచినట్లు, ఒక్క నొక్కుతో గుర్తులు పోవును, దీపము ఆరిపోవును. పాత కార్లు అమ్ముకొని జీవించు ఒక సహోదరుడు నాతో ఇట్లు వాదించెను: "అయ్యగారూ, కారు అమ్మేముందు దీపము తుడుస్తాను. కొనేవాడు అడిగితే అబద్ధం చెప్పను. అడగకపోతే నేనేమీ చెప్పను. నా నోట ఒక్క అబద్ధమూ రాలేదు గదా, ఇందులో పాపమేమున్నది?"

అతని మాటను తేలికగా కొట్టివేయుటకు వీలు లేదు. అమ్మువాడు తన సరకులోని లోపములనన్నిటిని చాటింపు వేయవలెనని ఎవరును అనరు. సంతలో బఱ్ఱెను కొనువాడు పండ్లు చూచి, పాలు పిండి, నడిపించి చూచుకొనును. చూచుకొనకపోయిన అది వాని అజాగ్రత్త. మౌనము వేరు, అబద్ధము వేరు. అంతవరకు అతడు చెప్పినది నిజమే.

కాని అతడు చేసినది మౌనము కాదు. బఱ్ఱె కుంటుచున్నది, కొనువాడు వచ్చు గడియకు అది కుంటకుండ సూది మందు వేసినట్లున్నది అతని పని. ఆ దీపము ఎవరి నిమిత్తము పెట్టబడినది? కారులో కూర్చుండువాని నిమిత్తము. రేపు ఆ స్థలములో కూర్చుండబోవువాడు కొనువాడే. అతనితో మాటలాడుటకు నియమింపబడిన సాక్షి యొకడు అక్కడ నిలువబడి నోరు తెరచియుండగా, అతడు వచ్చుటకు అయిదు నిమిషముల ముందు ఆ సాక్షి నోరు మూసి పంపివేసితిమి. అబద్ధ సాక్ష్యము పలుకుటకును, నిజమైన సాక్షిని దాచివేయుటకును న్యాయస్థానములో ఎంత భేదమున్నదో నాకు తెలియదు; దేవుని యెదుట ఏ భేదమును నాకు కనబడుట లేదు. అననీయ సప్పీరాల చరిత్రను చూడుడి. పొలము వారిదే, రూకలు వారివే. కొంత ఉంచుకొనుటకు హక్కు కలదని పేతురే చెప్పెను. కొంత భాగమును తెచ్చి అదియే మొత్తమన్నట్లు కనబడజేయుటలో నేరమున్నది. అననీయ నోట ఏ మాట వచ్చెనో అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయములో వ్రాయబడనే లేదు. తెచ్చి పెట్టెను, అంతే.

దీపముతో పాటు మరియొకటి కూడ పోవును. దోషము కనబడిన క్షణమున కారు ఎంత వేగముతో పోవుచుండెను, ఇంజిన్ ఎంత వేడిగా నుండెను అను వివరమును కారు ఫోటో తీసినట్లు దాచుకొనును. తుడిచినచో అదియు పోవును. తరువాత ఏ మెకానిక్కు చేతికి వచ్చినను అతడు చీకటిలో తడుముకొనవలసినదే. ఇంజిన్ వేడెక్కుచున్న కారును దీపము ఆర్పి అమ్మితిమనుకొనుడి. కొన్నవాడు ఒకనాటి రాత్రి నొప్పులు పడుచున్న స్త్రీని ఎక్కించుకొని గిద్దలూరు నుండి నల్లమల ఘాటు మీదుగా నంద్యాలకు బయలుదేరును. అడవి నడుమ ఎక్కుడులో ఇంజిన్ ఆగినచో ఎవరిని పిలువవలెను? అప్పుడు నిర్గమకాండములోని ఎద్దు మనయొద్దకు వచ్చును. గుర్తు చదువకమునుపు మనము ఏమియు ఎరుగని యజమానులము. చదివిన తరువాత చెప్పబడిన యజమానులము. కంప్యూటరు కొన్నవాడు సాధనముతోపాటు ఈ భారమును కూడ కొనుక్కొనెను.

తుడిచినవాడు తప్పించుకొనెనా అనిన, అదియు లేదు. గుర్తులు తుడువబడిన నాటినుండి ఎన్ని కిలోమీటర్లు నడిచితినో అనేకమైన కార్లు లెక్క వ్రాసికొనును. అమ్మకమునకు ముందురోజున తుడిచిన కారు, అడిగినవానికి "నన్ను తుడిచి 12 కిలోమీటర్లే అయినది" అని చెప్పగలదు. లోపలి పరీక్షలును "ఇంకను పూర్తి కాలేదు" అని చూపుచుండును. కొన్ని రోజులు మెల్లగాను వేగముగాను, చల్లని ఇంజిన్‌తోను వేడి ఇంజిన్‌తోను నడిపినగాని అవి పూర్తి కావు. అమెరికాలో 2010 మోడలు కార్లు మొదలుకొని క్రమముగా మరియొక ఏర్పాటు వచ్చెను. కొన్ని గుర్తులను ఏ మీటయు తుడువలేదు. దోషము నిజముగా పోయెనని కారు తానే నడచి చూచుకొని తుడుచుకొనవలెను. పాపము దాగదనియు, అది చేసినవానిని వెదకి పట్టుకొనుననియు సంఖ్యాకాండము 32వ అధ్యాయములో మోషే గాదు, రూబేను గోత్రములకు చెప్పిన హెచ్చరిక చదివినప్పుడెల్ల నాకు ఈ లెక్క జ్ఞాపకము వచ్చుచున్నది.

తుడుచుటయే పాపమని ఎవరును అనుకొనవద్దు. మరమ్మతు చేసిన తరువాత తుడువవలసినదే. లేవీయకాండము 14వ అధ్యాయములో ఇంటి గోడకు పట్టిన కుష్ఠు పొడను గూర్చిన విధిని చూడుడి. యాజకుడు పొడపై సున్నము పూయించి పోలేదు. ఇల్లు ఏడు దినములు మూయించెను, మరల వచ్చి చూచెను, చెడిన రాళ్లను ఊడదీయించెను, గోడలు గీయించి క్రొత్త అడుసు పూయించెను. ఆ తరువాత కూడ మరల వచ్చి చూచెను. మంచి మెకానిక్కు చేయునది ఇదే. చెడిన భాగము మార్చి, గుర్తు తుడిచి, కారును నడిపి, మరల చదువును. ఆ విధిలో "మరల వచ్చి చూచుట" అను పనిని మనవారు ఎక్కువగా విడిచిపెట్టుచున్నారు. నిజముగా బాగుపడిన కారులో, దోషము వరుసగా మూడు ప్రయాణములలో కనబడనియెడల దీపము తానే ఆరిపోవును. మరి 40 మార్లు ఇంజిన్ వేడెక్కి చల్లారిన తరువాత గుర్తు కూడ చెరిగిపోవును. మీట నొక్కనవసరమే లేదు.

గుర్తును దాచుట ఒక తప్పయితే, దానిని తీర్పుగా చేయుట మరియొక తప్పు. పీ0171 అని కనబడగానే, "సెన్సారు పోయినది, ఇన్ని వేలగును" అని బీదవానితో చెప్పువారు కలరు. ఆ గుర్తు సెన్సారు పోయినదని చెప్పలేదు. పెట్రోలుకు గాలి ఎక్కువైనదని మాత్రమే చెప్పెను. పగిలిన రబ్బరు గొట్టము కావచ్చును, మూసికొనిన ఫిల్టరు కావచ్చును. ఒక్క సాక్షి మాటపై నేరము స్థాపింపకూడదని ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయము మనుష్యుల విషయమై చెప్పుచున్నది. చెవితో విని, గొట్టము తడిమి, తెరపై కదలుచున్న అంకెలను చూచి, రెండవ సాక్షిని మూడవ సాక్షిని పిలిచి, తరువాత భాగము మార్చుట కూడ ఆ న్యాయములోనిదే.

ఇది చిన్నవారి పాపమని తలంపవద్దు. 2015 సెప్టెంబరులో అమెరికా పర్యావరణ శాఖ ఫోక్స్‌వాగన్ కంపెనీపై నేరము మోపెను. డీజిలు కారు తాను పరీక్షలో ఉన్నట్లు గుర్తుపట్టి, అప్పుడు మాత్రము పొగను తగ్గించి, రోడ్డుపై యథేచ్ఛగా విడుచునట్లు దాని సాఫ్టువేరు వ్రాయబడెను. కొన్ని కార్లు అనుమతికి 40 రెట్ల వరకు విషవాయువు విడిచెనట. ప్రపంచమంతట సుమారు 1 కోటి 10 లక్షల కార్లలో అది యుండెనని కంపెనీయే ఒప్పుకొనెను. వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయపు పరిశోధకులు కొలత యంత్రమును కారులో పెట్టుకొని రోడ్డుపై నడిపి చూచినందున ఈ తేడా బయటపడెను. అంత చదువుకొన్నవారును మన సహోదరుని మాటనే పలుకగలిగియుందురు: పరీక్షలో అడిగినదానికి సరిగానే జవాబిచ్చితిమి గదా!

ఆ సహోదరుని కష్టమును నేను ఎరుగుదును. దీపము వెలుగుచున్న కారుకు ఇరువది వేలు తగ్గించి అడుగుదురు. అతనికి నెల నెల కట్టవలసిన వాయిదా యున్నది. ప్రక్క షెడ్డువాడు తుడిచియే అమ్ముచున్నాడు. ప్రసంగపీఠముపై నిలిచి నష్టము సహింపుమని చెప్పుటకు నాకు ఇరువది వేలు ఖర్చు కాలేదు. అందుచేత అతనితో ఈ మాత్రమే చెప్పితిని: గుర్తులను ఒక కాగితముపై వ్రాయుము, బాగుచేసినవేవో చేయనివేవో వ్రాయుము, అమ్మకపు అగ్రిమెంటుకు దానిని జతపరచి కొనువాని సంతకము తీసికొనుము. వెల తగ్గినచో తగ్గనిమ్ము. కొనువారలకును నా సలహా ఒకటి: కారు చూడబోవునప్పుడు తీగెయు కంప్యూటరును గలవానిని వెంట తీసికొనిపోయి, తుడిచి ఎన్ని కిలోమీటర్లైనదో అడుగుడి. నమ్మకము లేక కాదు, చూచుకొనుట కొనువాని ధర్మము గనుక.

ఇదివరకే తుడిచి అమ్మివేసిన కార్ల సంగతి మిగిలియున్నది. లేవీయకాండము 6వ అధ్యాయము పొరుగువానిని మోసపుచ్చి సంపాదించినదానిని మూలధనముతోను, దానిపై అయిదవ వంతుతోను తిరిగి ఇయ్యవలెనని విధించుచున్నది. బలి తెచ్చుట దాని తరువాతనే. జక్కయ్య ఎవరును అడుగకమునుపే నాలుగంతలు ఇచ్చెదననెను. సొమ్ము వెంటనే కూడకపోవచ్చును. గుర్తు ఏదో చెప్పుటకు మాత్రము సొమ్ము అక్కరలేదు. బేస్తవారిపేటలోనో కంభములోనో ఆ కారు ఈ దినమున కూడ మనుష్యులను ఎక్కించుకొని తిరుగుచున్నది. కొన్నవాని చిరునామాయు ఫోను నంబరును అగ్రిమెంటు కాగితముపైననే యున్నవి.