నొక్కడం కాదు, తెలుసుకోవడం

తెనాలి

చిరంజీవి చిట్టితల్లికి,
తాతయ్య ఆశీర్వదించి రాయునది.

తొమ్మిదో తరగతిలో మీకు కంప్యూటర్ ల్యాబ్ పీరియడ్లు మొదలయ్యాయని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమమ్మా. ఆ చదువు గురించే ఈ ఉత్తరం.

మన దేశంలో బడిపిల్లలకు కంప్యూటర్ నేర్పే ప్రయత్నం 1984లో 'క్లాస్' అనే కేంద్ర పథకంతో మొదలైంది. ఎంపిక చేసిన కొన్ని బడులకే బీబీసీ మైక్రో కంప్యూటర్లు వెళ్లాయి. 2004 డిసెంబరులో 'ఐసీటీ ఎట్ స్కూల్స్' పథకం వచ్చాక ఆ చదువు ఇంకెన్నో హైస్కూళ్లకు చేరింది. 1984 నాటి యంత్రాలు మూలపడ్డాయి. నువ్వు ఇప్పుడు నేర్చుకునే మెనూలూ రేపు మారిపోతాయి. మారనిది లోపలి సూత్రం. అందుకే ఎక్కడ నొక్కాలో తెలిసిందని ఊరుకోకు. నొక్కితే లోపల ఏం జరుగుతుందో అడుగు. అది తెలియనివాళ్లకు ఎవరేం చెప్పినా నమ్మక తప్పదు.

నువ్వు 'త' అని టైప్ చేస్తే యంత్రానికి అందేది అక్షరం కాదు, 3108 అనే సంఖ్య. ఇలా అక్షరాలకు సంఖ్యలు కేటాయించే ప్రమాణం పేరు యూనికోడ్; 1991లో వచ్చిన దాని తొలి వెర్షన్‌లోనే మన లిపికి చోటు దొరికింది. 'తెలుగు' అన్న మాటలో అలాంటి సంఖ్యలు ఆరు. ఆ సంఖ్యలను దాచిపెట్టే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి మూడు బైట్లు చొప్పున మొత్తం 18 బైట్లు. లెక్క నువ్వే వేసి చూడు. ఒక్కసారి ఇది అర్థమైతే తెరమీద కనిపించే ప్రతిదాని వెనకా ఎవరో మనుషులు చేసిన ఏర్పాటు ఉందని తెలుస్తుంది. అప్పుడు యంత్రమంటే భయమూ ఉండదు, గుడ్డినమ్మకమూ ఉండదు.

పెన్‌డ్రైవ్‌లో ఫైలు డిలీట్ చేస్తే, మామూలుగా ఆ చోటు ఖాళీ అని గుర్తు మాత్రమే పడుతుంది. దానిమీద మరొకటి వచ్చి చేరేదాకా పాతదాన్ని బయటికి తీయవచ్చు. ఇక ఒకరికి పంపిన ఫోటో సంగతి చెప్పేదేముంది? నీ ఫోనులో తీసేసినా వాళ్ల దగ్గర ఉండిపోవచ్చు. నీ ఫోటో అయినా, స్నేహితురాలిది అయినా, పంపేముందే ఆలోచించు. ఆమెను అడగకుండా ఆమెది ఎవరికీ పంపకు.

బ్రౌజర్‌లో తాళం గుర్తు ఉంటే సైటు మంచిదని చాలామంది అనుకుంటారు. నువ్వు పంపే సమాచారం దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే దాని అర్థం. అవతల కూర్చున్నవాడు నిజాయతీపరుడని అది చెప్పదు. అలాగే, యూపీఐలో డబ్బు మనకు రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టమన్నారంటే మన డబ్బు తీసుకోబోతున్నారన్నమాట. ఈ సంగతి మీ నానమ్మకు, పక్కింటి పిన్నిగారికి ఓపిగ్గా చెప్పు. ఎవరైనా మోసపోతే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించు. వాళ్లకు తెలియలేదని నవ్వకు. నీకు బడి దొరికింది కనుక తెలిసింది. తెలిసినదాన్ని నీ దగ్గరే ఉంచుకోవడం తప్పు.

ప్రాజెక్టు రాయమంటే ఏఐ క్షణంలో రాసిచ్చేస్తుంది. అడగవద్దని నేననను. అర్థం కానిది దాన్ని అడిగి తెలుసుకో. కానీ అది తప్పును కూడా తడబడకుండా చెబుతుంది, కాబట్టి పుస్తకంతో సరిచూసుకో. నీ నోటితో వివరించలేని వాక్యాన్ని, ఒక్క లైను కోడ్‌ను కూడా నీ పేరు కింద పెట్టకు. అలా తెచ్చుకున్న మార్కులు నీకు రానిదాన్ని వచ్చినట్టు చూపిస్తాయి, అంతే. టీచరుకు తెలియకపోయినా నీకు తెలుస్తుంది.

చివరగా ఒక మాట. చాలా ల్యాబుల్లో ఒక్క కంప్యూటర్ ముందు ముగ్గురు, నలుగురు కూర్చుంటారు. మౌస్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లకే పని వస్తుంది. వెనక కూర్చున్నవాళ్లు చూసి ఊరుకుంటారు, చివరికి ఇది తమవల్ల కాదనుకుంటారు. నీ వంతు అయిపోగానే వెనకున్న పిల్లను ముందుకు పిలువు. ఆమె ఆలస్యం చేసినా విసుక్కోకు, నువ్వే చేసిపెట్టకు. ఆమెకు పని వచ్చేదాకా పక్కన నిలబడగలిగితే, ఈ చదువు నీకు నిజంగా వచ్చినట్టే.

ఇట్లు,
నీ మేలుకోరే
తాతయ్య