తుప్పు క్రింది ఇనుము

చదువవలసిన భాగము: గలతీయులకు 6:1–5, మార్కు 1:16–20

సూరతు పట్టణము బైబిలు అనువాదకులకు ప్రియమైన పేరు. 1815లో లండను మిషనరీ సొసైటీవారు అచ్చట పని ఆరంభించిరి. స్కిన్నరు, ఫైవీ అను ఇద్దరు సేవకులు గుజరాతీ భాషను శ్రద్ధతో నేర్చి, 1821లో క్రొత్త నిబంధనను ఆ ప్రజల చేతికి అందించిరి. అనువాదపు పనిలో తల నెరసిన నాకు ఆ ఊరు ఒకసారి చూడవలెనను కోరిక చిరకాలముగా నుండెను. గత సంవత్సరము వానలు వెలిసిన పిమ్మట వెళ్లితిని. అయితే అచ్చట నేను నేర్చిన పాఠము మిషనరీల జాడలలో దొరికినది కాదు. లింబాయతులోని ఒక రేకుల షెడ్డులో దొరికినది.

లింబాయతు, ఉధనా ప్రాంతములలో మన తెలుగువారు బహుగా నున్నారు. తెలంగాణ జిల్లాలలో చేమగ్గము కూడు పెట్టని దినములలో మరమగ్గములను వెదకికొనుచు వచ్చిన కుటుంబములు అవి. నాకు ఆతిథ్యమిచ్చిన సహోదరుడును అట్టివాడే. భోజనమైన తరువాత ఆయన తన కుమారునిగూర్చి నాతో మొర పెట్టుకొనెను.

“అయ్యగారూ, మీరైనా వానికి బుద్ధి చెప్పండి. పదునెనిమిది వేలు పోసి తుక్కు కొనుక్కొచ్చినాడు.”

ఆ తుక్కు 1981 నాటి ప్రీమియర్ పద్మిని కారు. ఇటలీవారి ఫియట్ 1100 నమూనాను అనుసరించి బొంబాయిలో తయారైన ఈ బండి ఒకప్పుడు డాక్టర్ల యిండ్లముందు, ప్లీడర్ల యిండ్లముందు గౌరవముగా నిలిచియుండెడిది. ముంబయి టాక్సీలుగా మిగిలిన కడపటి పద్మినులు సహితము 2023 అక్టోబరు నెలాఖరున సెలవు తీసికొనెను. చట్టములోను ఈ కారుకు సుఖమైన చోటు లేదు. ఏబది యేండ్లు నిండిన బండ్లకు వింటేజి అను గౌరవముతో ప్రత్యేకముగా నమోదు కల్పించు నియమములు 2021 జూలైలో వచ్చెను. పాత బండ్లను తుక్కు చేయు విధానము మరుసటి నెలలోనే గాంధీనగరులో ప్రారంభమాయెను. ఇది గౌరవమునకు చాలినంత ముసలిది కాదు, పనికి చాలినంత పడుచుది కాదు. రెంటికి చెడిన రేవడి. పైగా 2006 ఆగస్టులో తాపీ నది పొంగి సూరతు నగరమును ముంచినప్పుడు ఇదియు నీట మునిగెనని అమ్మినవాడే ఒప్పుకొనెనట.

బుద్ధి చెప్పుటకే నేను షెడ్డుకు వెళ్లితిని. కారు చక్రములు లేక ఇటుకలమీద కూర్చుండెను. బయటి రంగు, ఆశ్చర్యముగా, బాగుగానే యుండెను. ఆ మాటే అంటిని. ఆ యువకుడు నవ్వి, చేతిలోని స్క్రూడ్రైవరుతో తలుపు క్రింది భాగమున మెల్లగా పొడిచెను. అది అట్టముక్కలోనికి దిగినట్లు లోనికి దిగిపోయెను. లోపల ఇనుము లేదు. వెనుకటి యజమానులలో ఎవడో తుప్పుమీదనే లప్పము మెత్తి, గరుకు కాగితముతో నునుపు చేసి, రంగు వేసి అమ్మియుండెను.

“దీనికి లారీకి ఉన్నట్టు వేరే చట్రము ఉండదు అయ్యగారూ. ఈ రేకే దీని ఎముక. ఇది పోతే బండి నడుము విరుగుతుంది.”

నేనెరుగని సంగతి ఇది. చర్మమనుకొన్నది ఎముక! యెహెజ్కేలు 13వ అధ్యాయములో గట్టిదనము లేని గోడకు సున్నము పూసిన ప్రవక్తలమీదికి దేవుని కోపము ఏల అంతగా వచ్చెనో అక్కడ నిలుచుండి కొంత గ్రహించితిని. సున్నము తప్పు కాదు. గోడ నిలుచునని జనులను నమ్మించుట తప్పు.

బాగుచేయు విధము చెప్పుమని అడిగితిని. అతడు ఉత్సాహముగా చెప్పెను. నాకు తెలిసినంతవరకు వ్రాయుచున్నాను. మొదట తుప్పును గీకవలెను. గీకినకొలది రంధ్రము పెద్దదగునే గాని చిన్నది కాదు. మంచి ఇనుము మెరయువరకు చెడినదానిని కోసివేయవలెను. ఆ కొలతకు క్రొత్త రేకు కత్తిరించి అతుకవలెను. ఇచ్చట తొందర పనికిరాదు. రేకు పలుచన గనుక ఒకేచోట మంట నిలిపినయెడల అది వంకరపోవును, లేదా కాలి చిల్లిపడును. ఒక చుక్క అతికి, చల్లారనిచ్చి, దూరముగా మరియొక చుక్క అతుకవలెను. ఒక జానెడు అతుకుటకు ఒక సాయంకాలము పట్టెనట. టింకరింగు మేస్త్రికి ఇచ్చుటకు డబ్బు లేక అతడే ఆ పని నేర్చుకొనెను. కారు వెల ఎన్నడో మరచిపోయితినని, దానికి రెండింతలు ఇప్పటికే రేకులకును గ్యాసుకును పోయెనని తండ్రి వినకుండ చెప్పెను. గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి లెక్క చూచుకొనవలెనని ప్రభువు చెప్పిన మాట అతనికి గుర్తుచేసితిని. అతడు తల వంచెను గాని, పశ్చాత్తాపపడినట్లు కనబడలేదు.

ఇక నన్ను కదలించిన సంగతి. షెడ్డు మూలనున్న ఒక తలుపును చూపి, “ఇది నా తప్పు” అనెను. కొన్ని వారముల క్రిందట దానిని చక్కగా గీకి, తళతళలాడు ఇనుమును బయటికి తెచ్చి, అలసిపోయి, ప్రైమరు రేపు వేయుదునని వదలివేసెనట. ఆ రాత్రి వాన పడెను. సముద్రము దగ్గరి గాలి, ఉప్పు, తేమ. తెల్లవారుసరికి ఆ తలుపంతయు నారింజ రంగు పట్టియుండెను. “గీకకముందే నయం. పాత రంగైనా కొంత కాపాడింది. ఒట్టి ఇనుమును గాలికి వదిలితే ఒక్క రాత్రి చాలు.”

ప్రియ చదువరీ, ఆ మాట విన్నప్పుడు నా మనస్సు మా సంఘమునకు పోయెను. కొన్ని సంవత్సరముల క్రిందట సంఘపు ధనములో కొంత ఒక సహోదరుడు తన యింటి అక్కరకు వాడుకొనెను. విచారణ జరిగెను. అతడు దాచలేదు, పైకమంతయు తిరిగి కట్టెను. ఒక ఆదివారము సంఘమంతటి యెదుట నిలుచుండి, భార్యయు బిడ్డలును వినుచుండగా, తన పాపమును ఒప్పుకొనెను. మేము లప్పము పూయలేదని, మంచి ఇనుము వరకు గీకితిమని పెద్దలమందరము తృప్తిపడితిమి. తీర్మానము వ్రాసినవాడను నేనే. దానిలో వ్యాకరణ దోషము ఒక్కటియు లేదు. ఆ మధ్యాహ్నము గాని, ఆ వారము గాని, ఆ నెల గాని మాలో ఒక్కడును అతని గడప తొక్కలేదు. మూడు నెలలకు అతడు ఆరాధన మానెను. అతని పశ్చాత్తాపము నిజమైనది కాదని మేము చెప్పుకొంటిమి.

ఊడ్చి అమర్చిన యిల్లు ఖాళీగా నుండుటవలన వచ్చిన కీడును మత్తయి 12లో ప్రభువు చెప్పెను. ఆ భాగముపై నేను ఎన్నిసార్లు ప్రసంగించితినో లెక్కలేదు.

ప్రేమ పాపములను కప్పునని పేతురు వ్రాసినప్పుడు, యెహెజ్కేలు గద్దించిన పూతనే పేతురు మెచ్చుకొనుచున్నాడా అని విద్యార్థులు నన్ను అడుగుదురు. ఇన్నాళ్లు పొడవైన జవాబు చెప్పితిని. షెడ్డులో ఒకే రంగు డబ్బా రెండు పనులు చేయుట చూచితిని. తుప్పుమీద వేసినప్పుడు అది మోసము; గీకిన ఇనుముమీద వేసినప్పుడు అదే రక్షణ.

గలతీయులకు 6:1లో పౌలు వాడిన క్రియాపదము గ్రీకులో కటార్టిజో. తప్పిదములో పడినవానిని ఏమి చేయవలెనో ఆ మాట చెప్పుచున్నది. మార్కు 1:19లో యాకోబు యోహానులు దోనెలో కూర్చుండి తమ వలలను చేయుచున్న పనికిని అదే మాట. మన తెలుగు బైబిలులో గలతీయుల పత్రికయందు మంచి దారికి తీసికొని వచ్చు భావము వచ్చినది. భావము తప్పు కాదు గాని వల కనబడకపోయెను. అనువాదకుడనై చెప్పుచున్నాను, ప్రతి భాషలోను ఇట్టి నష్టములుండును. త్రోవ చూపువాడు నిలుచుండి వ్రేలు చాపిన చాలును. వల బాగుచేయువాడు కూర్చుండవలెను, చినిగిన దానిని ఒడిలో వేసికొనవలెను, ఒక్కొక్క ముడి వేయవలెను. సాత్వికము కావలెనని పౌలు వెంటనే చేర్చుట ఏలనో పలుచని రేకును అతికినవానికి చెప్పనక్కరలేదు. 1 పేతురు 5:10లో ఆ క్రియకు కర్త దేవుడే.

ఉపమానము ఒకచోట కుంటును, అదియు చెప్పవలెను. ఆ యువకుడు కారును చవుకగా కొని తరువాత ఖర్చులో పడెను. మన ప్రభువు మనలను చవుకగా కొనలేదు, ఖర్చు తెలియక కొనలేదు.

బుద్ధి చెప్పకుండనే తిరిగివచ్చితిని. తండ్రి నావైపు చూచెను. నేను మగ్గముల సంగతి ఎత్తితిని.

ఇంటికి వచ్చిన గురువారము ఆ సహోదరుని తలుపు తట్టితిని. ఆయన నన్ను కూర్చుండుమనెను గాని తాను నిలుచుండెను. వానలనుగూర్చి మాటలాడుకొంటిమి. తీర్మానము వ్రాసిన చేయి నాదేనని చెప్పి, క్షమించుమని అడిగితిని. ఆయన యేమియు అనలేదు. మరుసటి గురువారము వెళ్లినప్పుడు ఆయన కుర్చీ తెచ్చుకొని కూర్చుండెను. సూరతునుండి వచ్చిన ఉత్తరమునుబట్టి కారు ఇంకను ఇటుకలమీదనే యున్నది. ఒక తలుపుకు మాత్రము ప్రైమరు పడినది. మా సహోదరుడు ఆరాధనకు ఇంకను రాలేదు. ఈ వారము ఆయన కుమార్తెకు జ్వరమని విన్నాను. గురువారము వరకు ఆగక రేపే వెళ్లవలెను.