గాలం వేసి నేర్పవచ్చునా?



మన మార్టూరు ప్రాంతంలో మిర్చి, పత్తి సొమ్ముతో చదువుకున్న బిడ్డలు ఎందరో నేడు హైదరాబాదు, బెంగుళూరు ఆఫీసులలో పనిచేస్తున్నారు. అక్కడ వారికొక వింత పరీక్ష ఉంటుంది. పై అధికారి పేరుతోనో, బ్యాంకు పేరుతోనో ఈ-మెయిల్ వస్తుంది. ఫలానా చోట నొక్కి పాస్‌వర్డు ఇమ్మంటుంది. తీరా నొక్కితే, దానిని పంపింది దొంగలు కాదు, సొంత కంపెనీయే అని తేలుతుంది. దొంగలు వేసే ఇటువంటి గాలాన్ని ఫిషింగ్ అంటారు. దానికి చిక్కకుండా ఉండటానికే ఈ పరీక్ష.

ఎంత మంచి ఉద్దేశంతోనైనా అబద్ధమాడరాదని పునీత అగుస్తీను బోధించారు. మరి మేలు నేర్పడానికి మాయ చేయవచ్చునా?

రెండవ సమూయేలు గ్రంథం 12వ అధ్యాయం చూడండి. పేదవాని ఒక్కగానొక్క గొఱ్ఱెపిల్లను లాగుకొన్న ధనవంతుని గురించి నాతాను ప్రవక్త దావీదుకు చెప్పాడు. రాజు అది నిజమని నమ్మి మండిపడ్డాడు. నాతాను వెంటనే గుట్టు విప్పి, ఆ దోషి రాజేనని తెలిపాడు. దావీదు పశ్చాత్తాపపడగానే దేవుని క్షమాపణను ప్రకటించినవాడు కూడ ఆయనే. పరీక్షలు ఉంటాయని ముందే తెలిపి, చిక్కినవానికి వెంటనే విప్పి చెప్పి, చేయూతనిస్తే అది వంచన కాదు, సాధన.

2020 డిసెంబరులో, కరోనా కష్టకాలంలో, అమెరికాలోని గోడాడీ కంపెనీ తన ఉద్యోగులకు 650 డాలర్ల పండుగ బోనసు ఇస్తామని ఈ-మెయిల్ పంపింది. ఆశతో వివరాలు నింపిన సుమారు 500 మందికి రెండు రోజుల తరువాత అందింది బోనసు కాదు, మీరు పరీక్షలో తప్పారనే కబురు. విమర్శలు రాగా కంపెనీ క్షమాపణ చెప్పుకుంది. దొంగలు కూడ బోనసు ఆశ చూపుతారు, నిజమే. కాని అవసరంలో ఉన్నవాని ఆశతో ఆడుకొని, ఆపైన సిగ్గుపరిస్తే, అతడు నేర్చుకునేది జాగ్రత్త కాదు, దాచిపెట్టడం. రేపు నిజంగా మోసపోయినా నోరు విప్పడు.

ఈ మాట మన ఇండ్లకూ వర్తిస్తుంది. మిర్చి అమ్మిన డబ్బు ఖాతాలో పడిన వారంలోనే ఏదో లింకు నొక్కి మోసపోయిన తండ్రి, కొడుకు ఏమంటాడోనని ఊరకుంటే, ఆ సొమ్ము చేయిదాటిపోతుంది. వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేసి, బ్యాంకుకు కూడ తెలిపితే దానిని ఆపే అవకాశం ఉంది. కనుక బిడ్డలారా, 'నీకు బుద్ధి లేదా' అనకండి. 'ఎంతసేపయింది నాన్నా?' అని అడగండి. ఆ తరువాత పక్కన కూర్చుని ఓపికగా నేర్పండి.

హెచ్చరించే నోటికి ప్రేమను, తప్పు చెప్పుకునే నోటికి ధైర్యాన్ని ప్రభువు దయచేయునుగాక. ఆమెన్.