మూటలు కట్టుకొనక ముందు

ధ్యాన భాగము: అపొస్తలుల కార్యములు 20:17–38



ఈ వేసవి మాకు తీరిక లేని వేసవి యైనది. ఈస్టరు ఆరాధనలు ముగిసినది మొదలు పల్లె పల్లెకు తిరిగితిమి. ఎండ ముదరక మునుపే ఉదయమున పిల్లలకు సెలవుల బైబిలు పాఠశాల నడిపితిమి. సాయంత్రము కూలిపనులనుండి వచ్చిన వారితో వేపచెట్టు క్రింద ప్రార్థన జరిపితిమి. ఈ పనుల నడుమనే బదిలీ ఉత్తరువు వచ్చినది. జూనులో బడులు తెరచులోగా మా కుటుంబము వేరొక పాస్టరేటుకు చేరవలెను. ఏడు సంవత్సరములు కాపురమున్న ఇంటిలో ఇప్పుడు మూటలు కట్టుచున్నాము.

పౌలును ఇట్టి త్వరలోనే యుండెను. పస్కాకును పెంతెకొస్తుకును నడుమ, మనకు వేసవియగు దినములలోనే, యెరూషలేమునకు ప్రయాణమై పోవుచుండెను. ఎఫెసులో దిగుటకు తీరిక లేక, ఆ సంఘపు పెద్దలను మిలేతునకు పిలువనంపెను. వారి మధ్య మూడు సంవత్సరములు సేవ చేసినవాడు వారికి చూపినదేమి? తన లెక్క చూపెను. ఎవరి ధనమునకును ఆశపడలేదనెను. వారికి మేలైన మాట దేనిని చెప్పక దాచలేదనెను.

ఈ మాటలు చదివి మేమును మా లెక్క చూచుకొంటిమి. ధనము విషయములో మా మనస్సాక్షి మమ్మును గద్దింపలేదు. కాని ఒక ఇల్లు మాకు జ్ఞాపకము వచ్చెను. గుడి ప్రహరీగోడ విషయమై ఆ కుటుంబముతో మాట పట్టింపు వచ్చి మూడు సంవత్సరములైనది. వారు ఆరాధనకు మానిరి. మేము వారి గుమ్మము త్రొక్కుట మానితిమి. ఆ వీధిని తప్పించుకొని నడచితిమి. బదిలీ వచ్చినప్పుడు, ఇక ఆ బాధ తీరినదని లోలోపల సంతోషించితిమి కూడ. అది పాపమని ప్రభువు మాకు చూపెను. కోపమును సామానుతో కట్టుకొని పోయినయెడల, క్రొత్త ఊరిలో మొదట విప్పబడు మూట అదియే.

మరునాటి సాయంత్రము మా ఇంటివారితో కూడ అక్కడికి వెళ్లితిమి. ఆ ఇంటి పెద్దాయన మంచముమీదనుండి లేవక, “అయ్యగారూ, పోయేటప్పుడు గుర్తొచ్చామా?” అనెను. దానికి మాయొద్ద జవాబు లేదు. క్షమించుమని అడిగితిమి. ఆయన చాలసేపు మాటలాడలేదు. ఆ తల్లి మజ్జిగ తెచ్చి ఇచ్చినది. ప్రార్థన చేసి వచ్చితిమి. ఆ తరువాతి ఆదివారము వారు గుడికి రాలేదు. అయినను ఇప్పుడు ఆ వీధిని నడువగలుగుచున్నాము.

దోర్నకలు అధ్యక్షులైన అజరయ్యగారు పుట్టుకతో తిరునెల్వేలి తమిళులు. 1909లో గురుసేవకు అభిషేకింపబడి, కుటుంబముతో స్వస్థలము విడిచి తెలుగువారి మధ్యకు వచ్చిరి, తెలుగు నేర్చిరి. 1912 డిసెంబరు 29న బిషప్పుగా ప్రతిష్ఠింపబడిరి. 1945లో మరణించువరకు ఈ ప్రజలతోనే యుండిరి. ఆయన 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో నిలిచి, మిషనరీల త్యాగమునకు వందనములు చెప్పి, అది చాలదనియు, ఇక్కడి సంఘములకు వారి స్నేహము కావలెననియు కోరిరి. ఆ కోరిక మమ్మునుకూడ తాకుచున్నది. మేము కూడికలు జరిపితిమి, పుస్తకములలో లెక్కలు వ్రాసితిమి, ఒక ఇంటికి మాత్రము స్నేహము ఇయ్యకపోతిమి.

ప్రియులారా, కదలువారము మేము మాత్రమే కాము. మీలో అనేకులు పనికొరకు పట్టణములకు వలస పోవుచున్నారు, కుమార్తెలను అత్తవారింటికి పంపుచున్నారు. సామాను కట్టుకొనక మునుపు, మాట మానిన పొరుగింటికి ఒకసారి వెళ్లి రండి. ఎదుటివారు వెంటనే కరుగకపోయినను వెళ్లి రండి. వెళ్లుట మన పని, హృదయమును మార్చుట దేవుని పని.

మా వెనుక వచ్చు గురువుగారిని మాతో పోల్చకుడి. మేము విడిచినవి వారు చేయుదురు. పౌలు ఆ పెద్దలను తన చేతులలో నుంచుకొనక దేవునికిని ఆయన కృపావాక్యమునకును అప్పగించెను. మేమును మిమ్మును ఆలాగే అప్పగించుచున్నాము. వీలైనయెడల మీలో ఒకరు ఆ పెద్దాయన ఇంటికి అప్పుడప్పుడు వెళ్లుచుండుడి.

ప్రభువు కృప మీకు తోడైయుండును గాక. ఆమేన్.