వైద్యం దయా? హక్కా?

మా మావయ్య సరుకుల ఓడలో వంట చేస్తాడు. రెండేళ్ల కిందట నడిసముద్రంలో ఆయనకు విపరీతమైన కడుపునొప్పి వచ్చింది. ఓడ రేవు చేరగానే పరాయి దేశపు ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. ఖర్చంతా ఓడ యజమానే కట్టాడు. మావయ్య తొండియార్‌పేటలో మా ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పగానే అమ్మమ్మ, "ఎవరో పుణ్యాత్ములురా!" అని దండం పెట్టింది. మావయ్య నవ్వి, "పుణ్యం కాదమ్మా, చట్టం" అన్నాడు. ఎవరి మాట నిజం?

నావికులకు వాళ్ల చేతి ఖర్చు లేకుండా వైద్యం అందాలని 2006 నాటి అంతర్జాతీయ ఒప్పందం చెబుతోంది. మన దేశం 2015లో దానికి ఒప్పుకుంది. కానీ ఈ ఆలోచన చాలా పాతది. 1798లో అమెరికా అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ ఒక చట్టం మీద సంతకం చేశారు. దాని ప్రకారం వర్తక ఓడల నావికుల జీతంలోంచి నెలకు 20 సెంట్లు పట్టుకునేవారు. ఆ డబ్బుతో జబ్బుపడ్డ నావికులకు వైద్యం చేయించారు, రేవు పట్టణాల్లో ఆసుపత్రులు నడిపారు. రేవులో నావికుడికి ఇల్లు లేదు, చుట్టం లేడు. కానీ అతను లేకపోతే వ్యాపారమే లేదు. కాబట్టి ప్రభుత్వం ఒక్క దయతోనే ఇదంతా చేసిందని చెప్పలేం. అయినా నావికుడు అక్కడ చేయి చాచనక్కర్లేదు. ఆ ఆసుపత్రిలో అతని కష్టార్జితం ఉంది.

మన పక్కనున్న స్టాన్లీ ఆసుపత్రి కథ వేరు. 1782లో కరువు బాధితులకు గంజి పోసిన సత్రం దగ్గర దాని చరిత్ర మొదలవుతుంది. అందుకే పెద్దవాళ్లు దాన్ని కంజితొట్టి ఆసుపత్రి అంటారు. ఆకలితో వచ్చినవాళ్లకు పట్టుకోవడానికి జీతమే లేదు. చట్టం వచ్చేదాకా ఆగితే ప్రాణాలు పోయేవి. అక్కడ అమ్మమ్మ మాటే నిజం.

మరి దయ ఉంటే చాలదా అని నేనూ అనుకున్నాను. మొన్న హార్బర్‌కి వెళ్లే కంటైనర్ లారీలు మా రోడ్డు మీద గంటల తరబడి నిలిచిపోయాయి. జ్వరంతో ఒక నెల్లూరు డ్రైవరు మా అరుగు మీద కూర్చున్నాడు. అమ్మ కాఫీ ఇచ్చి, "అన్నా, ఆసుపత్రికి వెళ్లు" అంది. "లారీ విడిచి పోతే ఈ రోజు కూలి పోతుందమ్మా" అన్నాడాయన. కాఫీ తాగి, గ్లాసు కడిగి ఇచ్చి వెళ్లిపోయాడు.

ఆసుపత్రి దగ్గర్లోనే ఉంది. అక్కడ డబ్బు అడగరు. అమ్మకు దయ కూడా ఉంది. అయినా ఆయన వెళ్లలేకపోయాడు. అప్పుడు నాకు మావయ్య మాట అర్థమైంది. ఆసుపత్రి ఉంటే చాలదు, కూలి పోకుండా అక్కడికి వెళ్లగలగాలి. దాన్ని దయ ఇవ్వలేదు, చట్టమే ఇవ్వాలి.

ఓడలో సరుకుతో వెళ్లేవాడికి అందిన హక్కు, ఆ సరుకును ఓడ దాకా మోసుకొచ్చినవాడికి ఎందుకు అందలేదు?

— పదో తరగతి విద్యార్థిని